మెప్పు డోలు

మా మెకాంగ్ డెల్టాలో ఒక సామెత ఉంది. బుద్ధి ఉన్నవాడు నాలుగు పనులు చెయ్యడట: పెళ్ళి సంబంధాలు కుదర్చడు, ఇంకొకడి అప్పుకు పూచీ ఉండడు, గువ్వలకు ఉచ్చు పెట్టి కాపలా కాయడు, మెప్పు డోలు కొట్టడు. మొదటి మూడింటి జోలికీ నేనెప్పుడూ పోలేదు. నాలుగోది మాత్రం అరవై ఆరో ఏట నన్ను వెతుక్కుంటూ ఇంటికే వచ్చింది.

మోసుకొచ్చినవాడి పేరు కే. మా ఊరి దేవుడి గుడి కమిటీకి పెద్ద. చిన్నప్పుడు నాతో కలిసి తియెన్ నదిలో ఈత కొట్టినవాడు.

"ఈ ఏడు శాంతి జాతరలో డోలు నువ్వే కొట్టాలిరా, నామ్," అన్నాడు కుర్చీలో కూర్చోకముందే.

"ఏం? తిట్లు తినడానికి ఊళ్ళో ఇంకెవడూ దొరకలేదా?"

"నీకైతే అలవాటే కదా. రోజూ ఫేస్‌బుక్‌లో తింటూనే ఉన్నావ్."

వంటింట్లోంచి మా ఆవిడ చిన్ పకపకా నవ్వింది. నవ్వదూ మరి! ముప్పై ఏళ్ళు జిల్లా టీవీలో పాత నాటకాల కార్యక్రమం నడిపి రిటైరయ్యాను. ఇప్పుడు పొద్దున్నే ఐస్ కాఫీ పెట్టుకుని, రాత్రి చూసిన సీరియల్ మీదో, పాటల పోటీ మీదో, పక్క ఊరి గుడిలో ఆడిన నాటకం మీదో నాకు తోచింది ఫేస్‌బుక్‌లో రాస్తాను. మెచ్చుకునేవాళ్ళు కొందరు, ముసలాడా నోరు మూసుకో అనేవాళ్ళు ఎందరో. నా కాఫీలో ఉన్నంత చక్కెర నా రాతలో ఉండదు. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఈ ఊరు నీకేం ద్రోహం చేసింది?" అని చిన్ దెప్పుతూ ఉంటుంది.

ఈ డోలు సంగతి చెప్పాలి. మా పాత రాజుల నాటకాన్ని హాత్ బోయ్ అంటారు. ముఖం నిండా రంగులు, వీపున జెండాలు, గొంతు చించుకునే పాట. దాన్ని గుళ్ళో ఆడతారు, దేవుడి కోసం. అందుకని జనం ఈలలు వెయ్యకూడదు, చప్పట్లు కొట్టకూడదు. వేదిక ఎదురుగా ఒక పెద్ద డోలు పెట్టి ఒక మనిషిని కూర్చోబెడతారు. నటుడు ఒక మాట బాగా పలికితే, ఆ మాట ముగిసే చోట అతను ఒక దెబ్బ కొడతాడు. ఇంకా బాగుంటే రెండు. ఒళ్ళు గగుర్పొడిస్తే మూడు. తప్పు చేస్తే డోలు అంచు మీద టక్కున కొడతాడు. అసలు ఏమీ కొట్టకపోవడం అన్నిటికంటే పెద్ద అవమానం. అంచు మీద దెబ్బ పడినా మనిషి ఉన్నట్టు లెక్క. డోలు మౌనంగా ఉంటే నువ్వక్కడ లేనట్టే.

నాకు ఈ పద్ధతి ఎంతిష్టమో చెప్పలేను. టీవీ వాళ్ళకు మాత్రం ఇది అస్సలు నచ్చేది కాదు. స్టూడియోలో డోలు మోత మైకును చంపేస్తోందని దాన్ని తీసేయించి, ఎప్పుడో ఎక్కడో రికార్డు చేసిన చప్పట్లు పెట్టారు. రాజు చచ్చినా అవే చప్పట్లు, విదూషకుడు జారిపడినా అవే చప్పట్లు. ఆ చప్పట్ల మధ్యలో ఒకడు దగ్గుతాడు. ఏళ్ళ తరబడి ప్రతి నాటకం చివరా వాడి దగ్గు వినీ వినీ, పాపం వీడికి ఇంకా తగ్గలేదే అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఫోన్ల రోజులొచ్చాయి. దగ్గు కూడా లేదు, ఎర్ర గుండె బొమ్మలే. వేలు ఆడించినంత సేపు పైకి ఎగురుతాయి. నటుడు ఏ మాట బాగా పలికాడో ఆ గుండె బొమ్మకేం తెలుసు?

కే తెచ్చిన పని ఎంత చిక్కో నాకు తెలియక కాదు. మా ప్రాంతంలో మిగిలిన ఒక్క హాత్ బోయ్ నాటక సమాజం థోమ్ అక్కది. డెబ్బై దాటిందావిడ. ఆవిడ కేక వేస్తే అవతలి గట్టున కుక్కలు లేచేవి. ఇప్పుడా గొంతు జీరపోయింది, మోకాళ్ళు వంగడం లేదు. ఈ జాతరలో ప్రధాన వేషం తన మనవరాలు లాయ్‌కి ఇచ్చింది. ఆ సమాజంలో తాతల నాటి కట్టుబాటు ఒకటుంది. కొత్తగా ప్రధాన వేషం కట్టినవాళ్ళకు దేవుడి ముందు డోలు మూడు దెబ్బలు పలకాలి. పలికితే ఆ వేషం వాళ్ళదే. పలకకపోతే మళ్ళీ చెలికత్తె వేషాలే. లాయ్ తర్వాత ఆ వేషం కట్టడానికి ఇంకెవరూ లేరు. ఆ పిల్లకు మూడు దెబ్బలు పడకపోతే పెట్టెలు కట్టేసి సమాజాన్ని మూసేస్తానని థోమ్ అక్క తెగేసి చెప్పిందట.

"అయితే మరి నేనే ఎందుకురా? ఆ పిల్లను నేనేమన్నానో ఊరంతా చదివింది."

"అందుకే. నువ్వు కొడితే మొహమాటానికి కొట్టావని ఒక్కడూ అనడు," అన్నాడు కే.

లాయ్ ఫోన్లో చిన్న చిన్న వీడియోలు పెడుతుంది. సగం ముఖానికి సేనాని రంగు, సగం ముఖం మామూలుగా ఉంచుకుని, ఏదో సినిమా పాటకు కనుబొమ్మలు ఎగరేస్తుంది. లక్షలమంది చూస్తారు. 'గుడిలో వేసుకునే రంగుతో గరిటె తిప్పుతూ వంట చేస్తే అది కళ కాదు, ముఖం కడుక్కోవడానికి బద్ధకం' అని నేనొకసారి రాశాను. దాని కింద ఆ పిల్ల ఒక్క మాటే రాసింది: 'తాతయ్యా, ఆ రోజు కూర బాగా కుదిరింది, మీకు పంపలేకపోయాను.' నా రాతకంటే దానికే ఎక్కువ గుండె బొమ్మలొచ్చాయి.

జాతరకు ముందు ఒక సాయంత్రం ఇంటికొచ్చింది. చేతిలో తలకాయంత పంపరపనస.

"లంచమా?" అన్నాను.

"కాదు తాతయ్యా, ఆయుధం. నా ఆట నచ్చకపోతే విసిరి కొట్టడానికి."

చిన్ ఆ పండు లాక్కుని అక్కడికక్కడే ఒలిచేసింది. "విసిరేదేం లేదు. ఈయన గురి ఏనాడు కుదిరింది గనక! తినవే అమ్మాయ్."

పిల్ల ఒక తొన నోట్లో వేసుకుంది. తర్వాత నవ్వు ఆపేసి చెప్పింది. "నేను పుట్టింది వేషాల పెట్టెల మధ్య. వీడియోలు చూసి సైగాన్ పట్నం వాళ్ళు రమ్మంటున్నారు, వెళ్ళి బతకగలను. నాకు వెళ్ళాలని లేదు. అమ్మమ్మ పెట్టెలు మూసేస్తే నేను చూడలేను. నాకు మూడు దెబ్బలు కావాలి తాతయ్యా. ఊరికే వద్దు. మనసు పెట్టి వినండి, అంతే."

"వింటాను," అన్నాను. నేను ఎవరికైనా ఇచ్చేది ఆ ఒక్క మాటే.

జాతర రోజు మధ్యాహ్నం నల్ల పొడుగు అంగీ తొడుక్కుని, తలపాగా పెట్టుకుని డోలు ముందు కూర్చున్నాను. పక్కన కే. వెనక ఊరి పెద్దలు. రెండు వైపులా స్తంభాల దగ్గర కుర్రకారు, ఫోన్లు పైకెత్తి. లాయ్ వీడియోలు చూసి వచ్చినవాళ్ళు. వాళ్ళలో చాలామందికి హాత్ బోయ్ చూడడం ఇదే మొదటిసారి. పిల్ల వేదిక మీద కాలు పెట్టగానే చప్పట్లు, కేకలు. కే వెనక్కి తిరిగి కళ్ళురిమాడు. "ఇది గుడి! బుద్ధి లేదా!" ఫోన్లు మాత్రం దిగలేదు.

కథ కోట తలుపు కథ. భర్త పోయాక కోటను కాస్తున్న సేనాని ఒక తల్లి. కొడుకు యుద్ధంలో ఓడి తిరిగొస్తాడు. వెంట శత్రువులు తరుముకొస్తుంటారు. తలుపు తీస్తే కొడుకు బతుకుతాడు, కోట పోతుంది. తల్లి తియ్యదు. ఇదంతా థోమ్ అక్క ఆడితే ఎలా ఉండేదో ఈ చుట్టుపక్కల నా వయసువాళ్ళకు అందరికీ తెలుసు. తలుపుకు వీపు ఆనించి ఆవిడ ఒక్క కేక వేసేది. గుడి పెంకులు అదిరేవి. ప్రతిసారీ మూడు దెబ్బలు పడేవి.

మొదటి రంగంలో లాయ్ నడక బాగుంది. ఒక దెబ్బ కొట్టాను. సైన్యానికి ఆజ్ఞ ఇచ్చే చోట గొంతు నిలబడింది, రెండు కొట్టాను. ఒక చోట తాళం తప్పింది. టక్కున అంచు మీద వేశాను. పిల్ల రెప్ప వెయ్యకుండా మళ్ళీ అందుకుంది. పర్లేదు, గట్టిదే అనుకున్నాను. దెబ్బ దెబ్బకీ వెనకనుంచి పెద్దల గొంతులు ఊఁ కొడుతున్నాయి. నాకూ హుషారు వచ్చింది.

తలుపు రంగం వచ్చింది. కేక కోసం అందరం ఎదురుచూస్తున్నాం. కర్ర గట్టిగా పట్టుకుని చెయ్యి ఎత్తి సిద్ధంగా ఉన్నాను.

లాయ్ కేక వెయ్యలేదు. తలుపు దగ్గరకు నడిచి మోకాళ్ళ మీద కూర్చుంది. సందులోంచి అవతల ఉన్న కొడుకును చూసి, ఇంట్లో మాట్లాడే గొంతుతో అడిగింది: "నాన్నా, అన్నం తిన్నావా?"

ఆ మాట పాత పాఠంలో ఉన్నదే. థోమ్ అక్క కేకలో కొట్టుకుపోయేది, ఎవరికీ వినపడేది కాదు. లాయ్ దాన్ని అలా అడిగేసి జవాబు కోసం ఆగింది. తర్వాత పాట అందుకుంది. చాలా నెమ్మదిగా, దాదాపు మాట్లాడుతున్నట్టు పాడింది. ఎంత నెమ్మదిగా అంటే గుడి బయట ఐసు బండివాడి గంట వినిపిస్తోంది. పాడుతూనే గడియ వేసింది. లేచి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. తెర పడింది.

"ఒరేయ్! కొట్టవేరా!" కే నా డొక్కలో పొడిచాడు.

అప్పుడు చూసుకున్నాను. నా చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. మొత్తం రంగంలో ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. ఆ మాట దగ్గర కొట్టలేదు, పాట దగ్గర కొట్టలేదు, గడియ దగ్గర కొట్టలేదు. గుడంతా నిశ్శబ్దం. పెద్దలందరూ నా వీపు వంక చూస్తున్నారు. కంగారులో, ముందూ వెనకా చూడకుండా, ఢమ్ ఢమ్ ఢమ్మని మూడు దెబ్బలు వేసేశాను.

ఆ క్షణానికే తెర పక్కనుంచి దోయ్ వేదిక మీదికి వచ్చాడు. దోయ్ ముప్పై ఏళ్ళుగా ఆ సమాజంలో బంటు వేషం వేస్తున్నాడు. విరిగిన ఈటె పట్టుకుని ఇటునుంచి అటు నడవడమే అతని పాత్ర. ఒక్క మాట కూడా లేదు. జీవితంలో ఒక్క దెబ్బ ఎరగనివాడికి మూడు దెబ్బలు పడేసరికి కొయ్యబారిపోయాడు. వెనకా ముందూ చూశాడు. తనకే అని తెలిసి, ఈటె కింద పడేసి, దేవుడి వైపు తిరిగి నేలకు తల తాకించాడు. జనం గొల్లుమన్నారు.

వేదిక వెనక్కి పరుగెత్తాను. ఆ మూడు దెబ్బలూ ఎవరికి పడ్డాయో లాయ్ తెర వెనకనుంచి వినే ఉంటుంది. అద్దం ముందు కూర్చుని కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటోంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"పోనీలెండి తాతయ్యా. దోయ్ మావయ్యకైనా దక్కాయి," అంది. వెక్కిరింపేం లేదు ఆ గొంతులో. అందుకే నాకు ప్రాణం పోయినట్టయింది.

థోమ్ అక్క పెట్టె మీద కూర్చుని ఉంది. "అక్కా, కొట్టడం మరిచిపోయాను," అన్నాను.

"టీవీలో అంతసేపు మాట్లాడేవాడివి, ఒక్క ముక్క మరిచిపోయావా ఎప్పుడైనా? ఈ పిల్లంటే నీకు పడదు. ఆ సంగతి డోలుతో చెప్పావు. నేను తప్పు పట్టను. డోలు నీది."

"పడకపోవడం కాదక్కా! అంత బాగుంది, అందుకే..."

"బాగున్నప్పుడు కొట్టడానికే గదా తమ్ముడూ డోలు పెట్టేది?" అంది. వేషగాడు వెళ్ళిపోయాక కొట్టిన దెబ్బ వాడిది కాదు. తిరిగి పిలిచి కొట్టే పద్ధతి లేదు.

ఇంటికొచ్చి, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఫేస్‌బుక్‌లో జరిగిందంతా రాశాను. ఆ ఆట నేను చూసిన అన్నిటిలోకీ గొప్పదని, చెయ్యి ఆగిపోయిందని, తప్పు నాదేనని. కింద వందల మాటలు పడ్డాయి. 'తిట్టి తిట్టి ఇప్పుడు దిద్దుకుంటున్నాడు.' 'డోలు తాతకు కునుకు పట్టింది, పాపం.' 'బంటుకు జై.' నా సమర్థింపు ఎవరికి కావాలి? కే దాన్ని తీసుకెళ్ళి థోమ్ అక్కకు చదివి వినిపించాడట. "దేవుడు ఫేస్‌బుక్ చూడడు," అని ఊరుకుందట ఆవిడ.

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఒక పిల్ల బతుకు నా చేతిలో పెట్టారు, పారేసుకున్నాను. చిన్ కూడా ఏమీ అనలేదు. అది ఏమీ అనలేదంటే నా పరిస్థితి ఎలా ఉందో చూసుకోండి.

తెల్లారి నేను కాఫీ కూడా కలుపుకోకుండా కూర్చుని ఉంటే, చిన్ ఫోన్ పట్టుకుని వచ్చింది. "నిన్ను చూసి లోకమంతా నవ్వుతోంది. నువ్వూ చూడు."

గుడిలో నిలబడ్డ పిల్లల్లో ఎవరికో స్తంభం అడ్డొచ్చి వేదిక కనపడలేదు. కనపడినదాన్నే వీడియో తీశారు. కనపడింది నేను. లాయ్ గొంతు మాత్రమే వినిపిస్తోంది, తెర నిండా నా ముఖం. తలపాగా పక్కకు ఒరిగింది. కర్ర గాల్లో ఉంది. నోరు తెరిచి ఉంది. "నాన్నా, అన్నం తిన్నావా?" అని లాయ్ అడిగింది. అప్పుడు నా పెదాలు కదిలాయి. గుడి అంత నిశ్శబ్దంగా ఉండడం వల్ల ఫోన్లో స్పష్టంగా పడింది.

"లేదమ్మా," అన్నాను నేను.

అన్నట్టు నాకు తెలియనే తెలియదు. చూస్తుంటే ఒళ్ళు జలదరించింది. ఆ తర్వాత గడ్డం మీదనుంచి కన్నీళ్ళు కారి డోలు మీద పడ్డాయి. తుడుచుకోవాలని కూడా తోచనట్టుంది. 'డోలు తాతకు ఆకలేసింది' అని పేరు పెట్టి ఎవరో వదిలారు. లక్షలమంది పగలబడి నవ్వుతున్నారు.

"లే. చొక్కా తొడుక్కో," అంది చిన్.

"ఎక్కడికి?"

"నీ ఫేస్‌బుక్‌ని దేవుడు చూడకపోతే పోనీ. థోమ్ అక్కకు కళ్ళున్నాయిగా."

రేవులో ఇంటికి వెళ్ళే పడవకు పెట్టెలు ఎక్కిస్తున్నారు. దోయ్ ఒక పక్క, లాయ్ ఒక పక్క పట్టి మోస్తున్నారు. నన్ను చూడగానే దోయ్ రెండు చేతులూ జోడించాడు. నిన్నటినుంచి అతను తప్ప ఈ ఊళ్ళో నన్ను చూసి సంతోషించినవాడు లేడు. థోమ్ అక్క గట్టు మీద పీట వేసుకుని, ఏ పెట్టె ఎక్కడ పెట్టాలో చెబుతోంది.

చిన్ ఆవిడ చేతిలో ఫోన్ పెట్టింది. "నాకొద్దు ఈ బొమ్మలు," అంది అక్క.

"బొమ్మలు కాదక్కా. మా ఆయన. ఒక్కసారి చూసి, తర్వాత నదిలో పారెయ్యి. ఫోన్ని గానీ, ఈయన్ని గానీ."

అక్క ఫోన్ని దూరంగా పట్టుకుని కళ్ళు చికిలించి చూసింది. అయిపోయాక మళ్ళీ పెట్టమంది. రెండోసారి నా ముఖం చూడలేదు, కళ్ళు మూసుకుని వింది. లాయ్ అడగడం, నేను చెప్పడం. అక్కడ చెయ్యి ఎత్తి ఇక చాలంది. ఫోన్ తిరిగి ఇచ్చేసి నదివైపు చూస్తూ కూర్చుంది.

"లాయ్," అని పిలిచింది. "ఆ పెట్టె దించు."

"పడవలోకే కదా అమ్మమ్మా?"

"దించమంటుంటే! ఎక్కించినవన్నీ దించండి. రేపు పక్క ఊరి గుడిలో ఆట ఉంది. ఆ వేషం ఇక నీది."

లాయ్ పెట్టె పట్టుకునే నిలబడిపోయింది. "డోలు పలకలేదు కదా అమ్మమ్మా?"

థోమ్ అక్క మోకాళ్ళ మీద చేతులు ఆన్చి, కష్టం మీద లేచింది. "నాకు జీవితమంతా పలికిందే. ఆ తలుపు దగ్గర ఎన్నిసార్లు మూడు దెబ్బలు పడ్డాయో లెక్కే లేదు. ఎన్ని ఊళ్ళు, ఎన్ని గుళ్ళు! ప్రతిసారీ నేనూ అడిగాను, అన్నం తిన్నావా అని." మెడలోని కండువాతో మూతి తుడుచుకుంది. "ఒక్కడు కూడా నాకు జవాబు చెప్పలేదే."